మందులావిడ వంతు

ఆగస్టు 12, మంగళవారం

ఇంకా పది రోజులు.

ఇవాళ డయాలిసిస్ గదిలో నాన్న మంచం పక్కన కూర్చుని ప్రకటన వీడియో మళ్ళీ చూశాను, శబ్దం ఆపేసి. కొండ మీద నలుగురు మనుషులు. ఒకరి చేతిలో వెలుగు. కింద లోయంతా చీకటి. అంతే. అయినా ఒళ్ళు ఝల్లుమంది.

దాని ఇంగ్లీషు పేరు నాకు నచ్చలేదు. ఈ పేజీల వరకు దాని పేరు దివిటీదారులు. దివిటీ... ఆ మాట అంటుంటేనే దారి కనిపిస్తుంది. కాగడా అంటే మంట కనిపిస్తుంది. వస్తువు ఒకటే, మాటలు మాత్రం ఒకటి కావు. ఇంత పెద్ద సంగతి నాకు ఇంతకాలం ఎవరూ ఎందుకు చెప్పలేదో.

నాన్న తల తిప్పి చూశాడు. "ఏందే అది, సినిమానా?"

"ఆట నాన్నా. ఇంకా రాలేదు."

"రాని ఆటను రోజూ చూస్తావేంది?"

ఆగస్టు 13, బుధవారం

స్టాటిస్టిక్స్ రికార్డు పూర్తి. ఇవాళ్టి పదం: వంతు. ఈ ఆటలో పోరాటమంతా వంతులే. మనం ఒకటి చేస్తాం, శత్రువు ఒకటి చేస్తాడు. మన వంతులో ఎంత ఆలోచించినా ఎవరూ తొందరపెట్టరు. బస్సులో, క్లాసులో, పరీక్షలో... ఇంకెక్కడుంది ఆ మర్యాద?

ఆగస్టు 15, శుక్రవారం

జెండా పండగ. వీధి చివర మైకు. మాకు మాత్రం శుక్రవారమంటే ఆసుపత్రే. మంగళవారం, శుక్రవారం — ఏ పండగ వచ్చినా అవి మారవు.

అమ్మ నాన్నకి మందుల సంచి సర్దుతూ మళ్ళీ అడిగింది. "నా కిడ్నీ సరిపోయేట్టుందని డాక్టరుగారు చెప్పారు గదా. మిగతా పరీక్షలకి ఊఁ అనండి."

నాన్న చెప్పులేసుకుంటూ, నేలకేసి చూస్తూ — "ఇంట్లో ఒక రోగి చాలు."

"ఏవండీ..."

"వద్దన్నాను."

ఆటోలో ముగ్గురం. బ్యారేజీ గేట్లెత్తారు, నది ఎర్రగా ఉంది.

ఆగస్టు 18, సోమవారం

పుట్టినరోజు. చీర వద్దు, ఈ ఆట కొనిపెట్టమన్నాను. అమ్మ నోరు తెరిచింది. "చీరైతే పదేళ్ళుంటుంది. ఇదెన్నాళ్ళుంటుందే?"

నాన్న నవ్వాడు. చాలా రోజులకి. "కొనియ్యవే. ఈ ఇంట్లో గుడ్డలకు కరువా."

నిజమే. పెడనలో మగ్గం వదిలేసి నాన్న గవర్నర్‌పేటలో హోల్‌సేల్ బట్టల కొట్లో చేరినప్పటి నుంచి ఇంటినిండా తెగిన తానుల ముక్కలే. ఇప్పుడు ఒంటిపూటే వెళ్తున్నాడు. మెట్లెక్కితే ఆయాసం.

ఆగస్టు 22, శుక్రవారం

వచ్చేసింది.

వచ్చింది గానీ నేను ఆసుపత్రిలో. లాప్‌టాప్ ఇంట్లో, డౌన్‌లోడ్ పెట్టి వదిలేసి వచ్చాను. తిరిగి వెళ్ళేసరికి కరెంటు పోయి సగంలో ఆగింది. ఏడుపొచ్చింది. ఇంత చిన్నదానికి ఏడవడం సిగ్గనిపించి, మొహం కడుక్కుని అకౌంట్స్ లెక్కలు చేశాను.

ఆగస్టు 24, ఆదివారం

పొద్దున్నే మొదలుపెట్టాను. ఎలా రాయాలో తెలియడం లేదు.

ఒక దేశం. అక్కడ ఆర్పేవాడు అనే ఒకడు ఊరూరా దీపాలు ఆర్పుకుంటూ పోయాడు. దీపం ఆరిన ఊళ్ళో మనుషులు పేర్లు మరిచిపోతారు. నలుగురు బయల్దేరుతారు. దివిటీ మోసే ముసలి సైనికుడు సోరన్. విల్లు పట్టిన పిల్ల. నిప్పు మంత్రగాడు. గాయాలు మాన్పే ఎల్రా. సోరన్ చేతిలో దివిటీ ఆరితే ఆట ముగిసినట్టే.

మొదటి ఊళ్ళో దీపం వెలిగించగానే బావి దగ్గర ఒకావిడ తన పేరు తనే చెప్పుకుంది. మెల్లగా, రెండుసార్లు. అక్కడ ఆపేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను కాసేపు.

ఇవాళ్టి పదం: నివురు. నిప్పు మీద పేరుకునే సన్నటి బూడిద. ఆటలో ఇంగ్లీషు మాట చదివి, దానికి మనకేముందా అని వెతికితే దొరికింది. ఎంత మెత్తటి మాట.

ఆగస్టు 26, మంగళవారం

లాప్‌టాప్ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మంచం మీద జరిపే బల్ల ఉంటుంది గదా, దాని మీద పెట్టాను. నాన్న ఎడమచేతికి సూదులు. అది కదపకూడదు. కుడిచెయ్యి ఖాళీ.

"వాళ్ళేమంటున్నారు?"

నాన్నకి ఇంగ్లీషు రాదు. నేను ఒక్కో మాటా తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఆర్పేవాడికి నేను ముందు పెట్టిన పేరు నిశాచరాధిపతి. నాన్న మొహం చిట్లించాడు. "అంత పేరు పలికేలోపు వాడొచ్చి కొట్టిపోతాడు. ఏం చేస్తాడు వాడు?"

"దీపాలు ఆర్పుతాడు."

"అయితే ఆర్పేవాడను."

అలా వచ్చింది ఆ పేరు. ఆదివారం పేజీలో కూడా కొట్టేసి ఇదే రాశాను.

ఆగస్టు 29, శుక్రవారం

ఇవాళ మూడు తోడేళ్ళు చుట్టుముట్టాయి. నేను నొక్కబోతుంటే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. అవి మీద పడవా?"

"పడవు నాన్నా. మన వంతు."

"మనం ఏదీ చెయ్యకపోతే?"

"నిలబడే ఉంటాయి."

"ఎంతసేపైనా?"

"ఎంతసేపైనా."

నాన్న మిషన్ వైపు చూశాడు. గొట్టాల్లో ఎర్రగా తిరుగుతున్న తన రక్తం వైపు. "ఇట్టాంటి శత్రువు దొరకాలంటే పెట్టిపుట్టాలి" అన్నాడు.

తర్వాత కుడిచెయ్యి చాపి, ఒక్క వేలితో, మెల్లగా తనే నొక్కాడు.

ఆగస్టు 30, శనివారం

రేషన్ దగ్గర అమ్మ వేలిముద్ర మళ్ళీ పడలేదు. నా వేలు పెట్టాను.

సెప్టెంబర్ 2, మంగళవారం

ఇక ఆట నాన్నది. నేను ఉత్త నోరుని. చదవడం, చెప్పడం, అంతే. అదీ బాగానే ఉంది. ఒక్కో మాటకీ ఆగి వెతుక్కుంటున్నాను. డాలు. అంబులపొది. విడిది. విడిది అనగానే నాన్న — "పెళ్ళివాళ్ళని దించే ఇల్లు గదా అది, అడవిలో విడిదేంది? మకాం అను." అది కూడా కొట్టేశాను.

సిస్టర్ బీపీ చూస్తూ అడిగింది. "ఏం బాబాయ్, ఇవాళ ఎంతమందిని చంపారు?"

"చంపడానికి తీరికేదమ్మా, మావాళ్ళకి మందులు పెట్టుకోవడంతోనే సరిపోయె."

సెప్టెంబర్ 5, శుక్రవారం

అదే తంటా. ఎవరికి చిన్న గీత పడినా నాన్న యుద్ధం ఆపేస్తాడు. ముందు వాళ్ళకి మందు పెట్టాలి. శత్రువు ఒక్క దెబ్బకి పోయేలా ఉన్నా సరే. సీసాలన్నీ అయిపోతున్నాయి.

"నాన్నా, కొంచెం తగిలితే ఏం కాదు. కొట్టెయ్."

"తెగిన పోగు కనబడ్డాక మగ్గం ఆడిస్తామా? ఒక్క పోగే గదా అని ఊరుకుంటే చీర పొడుగునా చార పడుద్ది. ఆపాలి, అతకాలి, అప్పుడు నెయ్యాలి."

"ఇది మగ్గం కాదు."

"చెయ్యి అదే గదా."

తర్వాత చాలాసేపు మగ్గం కబుర్లు. పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవచ్చినప్పుడు దాని కొసలు పోగులు దూరే అచ్చులో అలాగే వదిలేస్తారట. కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటీ ఆ పాత కొసలకి మెలేసి కలపాలి, వేళ్ళకి బూడిద అద్దుకుని. దాన్ని అచ్చు అతకడం అంటారు. మా మగ్గానికి అది అమ్మ పని. "మీ అమ్మ అతికిన పోగు తెగేది కాదు. మా పేటలో వేరేవాళ్ళూ పిలుచుకుపోయేవాళ్ళు."

నేను పుట్టినింట్లోనే ఇన్ని మాటలున్నాయి. నేను లైబ్రరీలో వెతుకుతున్నాను.

సెప్టెంబర్ 9, మంగళవారం

ఎల్రా కొత్త విద్య నేర్చుకుంది. నాన్న ఆమె పేరు పలకడు. మందులావిడ అంటాడు. ఆ విద్యకి ప్రాణదానం అని చెప్పాను.

"ఏం చేస్తది?"

చదివి చెప్పాను. పడిపోయినవాడు ఎవరైనా సరే లేచి నిలబడతాడు. మందులావిడ ప్రాణంలో కొంత అతనికి వెళ్తుంది. వెళ్ళింది తిరిగి రాదు. ఆట అయిపోయేదాకా ఆమె ప్రాణం ఆ మేరకు తగ్గే ఉంటుంది.

చెబుతుండగానే నా గొంతు తగ్గిపోయింది.

నాన్న తెర వైపు చూస్తూనే ఉన్నాడు. "అది వాడొద్దు."

"కానీ నాన్నా, ముందుముందు..."

"వాడొద్దన్నాను గదా."

జెండా పండగ రోజు చెప్పులేసుకుంటూ అమ్మతో అన్న గొంతే.

సెప్టెంబర్ 12, శుక్రవారం

చేతిలో సూదులు పెట్టే నరం మూసుకుపోయింది. మిషన్ కూత ఆగలేదు. మెడ దగ్గర గొట్టం వేశారు. నన్ను బయటికి పంపారు. తలుపు సందులోంచి నాన్న కాలు కనబడింది. వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి.

డాక్టరుగారు అమ్మతో, వరండాలో — "ఇట్లా ఎంతకాలం లాగుదామమ్మా? దాత ఇంట్లోనే ఉండగా..."

ఆట తెరవలేదు. పదమేదీ రాయాలనిపించలేదు.

సెప్టెంబర్ 14, ఆదివారం

వంటింట్లోంచి వినబడ్డ ముక్కలు.

"నాకేమన్నా అవుద్దనేనా మీ భయం?"

నాన్న దగ్గు.

"చెప్పండి మరి."

"పిల్ల చదువు అవ్వాలి. ఇద్దరం మంచం పడితే ఎవరు చూస్తారు?"

"మీరొక్కరే పడితే నేను చూడగలననా?"

గిన్నె కింద పెట్టిన చప్పుడు.

సెప్టెంబర్ 16, మంగళవారం

ప్రాణదానం అనే మాట బరువుగా ఉందేమో, అందుకే వద్దంటున్నాడేమో అనిపించింది. రాత్రంతా వేరే మాట వెతికి, ఇవాళ దాన్ని పంపకం అన్నాను. తేలిగ్గా.

నాన్న నా వైపు చూశాడు. కోపంగా కాదు. "పేరు మారిస్తే పని మారుద్దా, బుజ్జీ?"

మారదు. మాటల మీద ఇష్టం పెరిగాక నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే కాబోలు. మళ్ళీ ప్రాణదానమే.

సెప్టెంబర్ 19, శుక్రవారం

ఆర్పేవాడి కోటకి చేరాం. దారంతా చిన్నచిన్న దెబ్బలకే మందులు వాడేయడం వల్ల సంచిలో ఒక్క సీసా లేదు. ఓడిపోయాం. మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ ఓడిపోయాం. రెండుసార్లూ ఒకలాగే. ముందు సోరన్ పడిపోతాడు, చేతిలోంచి దివిటీ జారుతుంది, నేల మీద కాసేపు వెలుగుతుంది. లేపగలిగేది మందులావిడే. ఆమె వంతు వస్తుంది. నాన్న ఆమె చేత కట్టు కట్టిస్తాడు, విల్లు పట్టిన పిల్ల మోచేతికి. దివిటీ ఆరిపోతుంది.

రెండోసారి నాకు కోపం ఆగలేదు. "లేపొచ్చు గదా నాన్నా. ఆమెకి వచ్చు గదా! ఉత్త ఆట."

"ఉత్త ఆటే గదా. ఓడిపోతే ఏం?"

నేను లాప్‌టాప్ మూసేశాను. గట్టిగా. పక్క మంచం పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

సెప్టెంబర్ 21, ఆదివారం

నాన్న నిద్రపోతున్నాడు. అమ్మ ఆరిన బట్టలు మడతపెడుతూ ఆట గురించి అడిగింది. మొత్తం చెప్పాను. సోరన్, దివిటీ, ఆ విద్య, నాన్న వద్దనడం. అమ్మ తల దించుకునే వింది. చివర్న ఒకటే అడిగింది.

"మరి ఆవిడ ఏమంటది?"

"ఎవరు?"

"ఆ మందులావిడేనే. ఆవిడకిష్టమా, లేదా?"

నాకు తెలియదు.

మకాంలో నలుగురితోనూ మాట్లాడొచ్చు. సోరన్‌తో మాట్లాడాం. మంత్రగాడితో గంటలకొద్దీ. ఆమె దగ్గరికి వెళ్ళేది మాత్రం మందు కావలసినప్పుడే. ఆమె తల మీద చిన్న గుర్తు మొదటినుంచీ వెలుగుతూనే ఉంది — చెప్పడానికి ఏదో ఉందని. నాన్న చదవలేడు. నేను చదవలేదు.

సెప్టెంబర్ 23, మంగళవారం

నవరాత్రులు. అమ్మవారి కొండ కింద రోడ్డు మూసేశారు, ఆటో ఊరంతా చుట్టి తిప్పాడు. ఇవాళ అమ్మ కూడా లోపలికి వచ్చింది. సిస్టర్ ఊరుకుంది.

మకాం దగ్గర మందులావిడ పక్కకి సోరన్‌ని నడిపించాను. మాట తెరుచుకుంది. ఇంగ్లీషులో చిన్న వాక్యాలు. ఒక్కొక్కటే చదివి, ఆగి, తెలుగు చేసుకుని చెప్పాను. ఇంత జాగ్రత్తగా ఏ పరీక్షా రాయలేదు.

"నా వంతు వచ్చిన ప్రతిసారీ మీరే తేల్చేస్తున్నారు. నన్ను కాపాడుతున్నామని అనుకుంటున్నారు. ఒక్కసారి నన్ను అడగండి."

మిషన్ చప్పుడు.

అమ్మ మంచం మీద, నాన్న కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. కుడిచెయ్యి చాపి, వేళ్ళు తిరగేసి చూపించింది. నున్నగా ఉన్నాయి. గీతల్లేవు.

"పెళ్ళైన కాణ్ణుంచి మగ్గం దిగేదాకా మీకు అచ్చతికాను. రేషన్ మిషన్‌కి నా వేలే పడదు. ఈ గీతలు పోతున్నప్పుడు వద్దన్నారా మీరు?"

నాన్న ఆ వేళ్ళకేసి చూశాడు. మెడలో గొట్టం ఉందని తల తిప్పుకోలేడు.

"అప్పుడు నేను నిన్ను అడగలేదు గదా" అన్నాడు.

"అదే నేను చెప్పేది."

సెప్టెంబర్ 26, శుక్రవారం

ఆర్పేవాడు. మూడోసారి. ఈసారి కోటదాకా నాన్న సీసాలు పొదుపు చేశాడు. పోగులు తెగినా రెండుసార్లు నేసుకుంటూ పోయాడు, పళ్ళు బిగబట్టి. అయినా చివరికి అన్నీ అయిపోయాయి. సోరన్ పడిపోయాడు. దివిటీ నేల మీద. మందులావిడ వంతు.

నాన్న మీట నొక్కుతుంటే తెర మీద గుర్తు మెల్లగా కిందికి దిగింది. కట్టు కట్టడం... దాటింది. పక్కకి తప్పుకోవడం... దాటింది. ప్రాణదానం. అక్కడ ఆగింది.



మిషన్ కూసింది. టైమైపోయింది. సిస్టర్ వచ్చింది.

"ఉంచు" అన్నాడు నాన్న. "కదిలించబాక. అట్టాగే ఉంచు."

ఆట ఆపకుండానే లాప్‌టాప్ మూత వేశాను. లోపల దివిటీ వెలుగుతూనే ఉంటుంది.

సెప్టెంబర్ 28, ఆదివారం

అన్నం దగ్గర. నాన్న పళ్ళెంలోకి చూస్తూ — "ఆ పరీక్షలకి పరగడుపునే వెళ్ళాలా?"

అమ్మ చేతిలో గరిటె ఆగింది. "ఆఁ. టీ కూడా తాక్కూడదంట."

"రేపు పొద్దున్నే ఆటో చెప్తా." ఆగి — "పరీక్షలే. ఇంకా ఏదీ అనుకోలేదు నేను."

"నేను మాత్రం ఏమన్నాను?"

పప్పు ఎవరూ రెండోసారి వేసుకోలేదు. నేను లేచి వెళ్ళి లాప్‌టాప్ ఛార్జింగ్ పెట్టాను.

సెప్టెంబర్ 29, సోమవారం

ఇద్దరూ వెళ్ళొచ్చారు. అమ్మ మోచేతి మడతలో దూది. నాన్న దారిపొడుగునా ఆ దూది ఊడిపోకుండా తన బొటనవేలితో నొక్కిపట్టి ఉన్నాడట. అమ్మే చెప్పింది, నవ్వుతూ. నవ్వు మధ్యలో ఆగి లోపలికి వెళ్ళిపోయింది.

సరిపోతుందో లేదో రేపు మధ్యాహ్నం చెప్తారు.

ఇవాళ్టి పదం: అతుకు. ఇంతకాలం దాన్ని చిరుగుకి సంబంధించిన మాట అనుకున్నాను.

సెప్టెంబర్ 30, మంగళవారం

ఇది ఆసుపత్రిలోనే రాస్తున్నాను. అమ్మ పై అంతస్తులో, డాక్టరుగారి గది బయట. కాగితాలొచ్చాయట, పిలవాలట. ఇంకా పిలవలేదు. నేనూ వెళ్తానంటే వద్దంది. "మీ నాన్న దగ్గరుండు."

లాప్‌టాప్ తెరిచాను. అన్నీ వదిలేసిన చోటనే. సోరన్ నేల మీద. పక్కన దివిటీ, చిన్నగా, నివురు పట్టినట్టు. ఎదురుగా ఆర్పేవాడు, కదలకుండా. మందులావిడ నిలబడి ఉంది. గుర్తు ప్రాణదానం మీదే ఉంది.

బల్ల నాన్న ముందుకి జరిపాను. వేలు మీట మీద పెట్టాడు. తీశాడు.

"నొక్కనా నాన్నా?"

"వద్దు."

"మరి నువ్వు నొక్కు."

"ఇది నా వంతు కాదే" అన్నాడు. "మీ అమ్మ రానీ."

లిఫ్టు చప్పుడు ఇప్పటికి రెండుసార్లు వినబడింది. ఎవరెవరో దిగారు. నాన్న తలుపు వైపు చూస్తున్నాడు. మళ్ళీ లిఫ్టు పైకి వెళ్తోంది —